అనసూయమ్మ చేతి కొలత

అబిడ్స్ సడక్ మీది బట్టల దుకాణాల్లో సగానికి పైగా బల్లలు వడ్రంగి వడ్ల రాజనర్సు చేసినవే. దుకాణం బల్ల అంటే ఆయన లెక్కలో ముప్ఫై ఇంచుల వెడల్పు. ఇవతల నిలబడ్డ గిరాకీ ఎంత చెయ్యి చాపినా అవతలి అరలోని చీర అందకూడదు, సేటు బట్ట తాను విప్పి పరిస్తే అంచు కిందికి జారకూడదు. పదహారేళ్లుగా అదే కొలత. కొలకట్ట తీయకుండా జానలు వేసి ముప్ఫై ఇంచుల దగ్గర గీత పెడితే, తర్వాత ఎవరు కొలిచినా దారప్పోగంత తేడా ఉండేది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, సడక్ అంతా తెలుసు.

అందుకే పంతొమ్మిదివందల ముప్ఫై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో, సర్కారు ఇంజనీర్ల దఫ్తరులో నక్షాలు గీసే ప్రహ్లాద్ ఒక ఇంగ్లీషు పత్రిక చంకలో పెట్టుకుని వచ్చినప్పుడు, రాజనర్సు చిత్రిక పట్టడం ఆపకుండానే తల తిప్పి చూశాడు. పత్రికలో ఒక దొరసాని బొమ్మ ఉంది. నడుము ఎత్తున గోడ పొడవునా ఒక గట్టు, గట్టు కింద తలుపుల అల్మారీలు. ఆమె నిలబడి వంట చేస్తోంది.

"ఇసొంటిది ఒకటి చెయ్యాలె రాజనర్సూ. కింద అల్మారీలు, మీద షాబాదు బండ."

"నిలవడి వంటనా? పెండ్లిళ్లల్ల గాడిపొయ్యి కాడ తప్పితే నిలవడి ఎవలు వండుతరు సారూ?"

"అనసూయమ్మ వండుతది. వండకపోతే మా బతుకు ఆగమైతది" అన్నాడు ప్రహ్లాద్. నవ్వుతూ అనలేదు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో అనసూయమ్మ ఇల్లు. ఇరవై రెండేళ్లకే భర్త పోతే, ఎవరి పంచనా చేరకుండా ఆ ఇంట్లోనే భోజనాలు పెట్టడం మొదలుపెట్టింది. కచేరీల్లో నకళ్లు రాసే గుమాస్తాలు, ఊళ్ల నుంచి చదువుకు వచ్చినవాళ్లు, పెళ్లాన్ని ఇంకా తెచ్చుకోని బడిపంతుళ్లు, పూటకు ఇరవై ఆరు మంది. ప్రహ్లాద్ వాళ్లలో ఒకడు. పద్దెనిమిదేళ్లలో ఒక్క పూట కూడా పొయ్యి ఆరలేదని చెప్పుకునేవారు. ఆ వేసవిలో నల్లా దగ్గర నాచు మీద జారి పడింది. దవాఖానలో ఎముక అతికించారు గానీ కుడి మోకాలు మాత్రం కర్రలా బిగుసుకుపోయింది. ఇక నేల మీద కూర్చోవద్దన్నారు డాక్టర్లు. కూర్చోవద్దంటే వండొద్దన్నట్టే. పొయ్యి నేల మీద, రోలు నేల మీద, కత్తిపీట నేల మీద.

నాలుగు నెలలుగా ఆమె వంటింటి గడప దగ్గర ఎత్తుపీట మీద కూర్చుని, పని మనిషి కొండమ్మకు చెబుతూ వండిస్తోంది. ఇరవై ఆరు మంది పదకొండు మంది అయ్యారు. వెళ్లినవాళ్లు మొహం చెల్లక, బదిలీ అయిందనో చుట్టాలు దొరికారనో చెప్పి వెళ్లారు.

మర్నాడు రాజనర్సు ప్రహ్లాద్ వెంట ఆ ఇంటికి వెళ్లి వంటింటి గడప బయటే ఆగాడు. మడిగా ఉండే ఇల్లు. లోపలికి అడుగు పెట్టాలా వద్దా తెలియలేదు.

"ఏంది ఆడనే నిలవడ్డవ్?" అంది అనసూయమ్మ. సన్నగా, పొట్టిగా ఉంది. ఒళ్లో చేతులు రెండూ ఖాళీగా పెట్టుకుని కూర్చుంది. "నువ్వు లోపటికి రాకుంటె గట్టు నడిచొస్తదా? రా నాయనా. నువ్వు పోయినంక కడుక్కుంటం తీ."

రాజనర్సు గోడ కొలిచాడు. ఎత్తు సంగతి తేలిగ్గానే తేలింది. ఆమెను నిలబెట్టి, మోచేతికి నాలుగు వేళ్లు కిందుగా గోడ మీద బొగ్గు గీత పెట్టాడు. "వెడల్పెంత పెడుదమమ్మా?" అని అడిగాడు.

"నన్నడిగితె నాకేం తెలుసు? పుట్టినప్పటిసంది కూసొనే వండిన."

"ముప్ఫై ఇంచులు పెడుత. ఇరవై ఆరు మందికి వండే జాగ, చిన్నగ ఉంటె ఎట్ల? ఎంత పెద్దగుంటె అంత మంచిది."

ప్రహ్లాద్ తన నక్షాలో ముప్ఫై అని రాసుకున్నాడు. మూడు ఫీట్ల వెడల్పు, ఏడు ఫీట్ల పొడవు ఉన్న ఒకే ఒక బండ నాంపల్లి గూడ్సు యార్డులో దిగి ఉంది. వానలు తగ్గేదాకా అంత పెద్దది మళ్లీ రాదన్నాడు రాయి కొట్టే మొగులయ్య. దాన్నే ఖాయం చేసుకున్నారు. ఎల్లుండి కోస్తానన్నాడు.

కోసే ముందు ఒకసారి చూపించాలని రాజనర్సుకు అనిపించింది. సరిగా చెప్పాలంటే, అది అనుమానం వల్ల పుట్టిన ఆలోచన కాదు. తన బల్ల అందం ఆమె చూడాలని. మర్నాడు, ఒక దుకాణం కోసం చేసి పెట్టిన ముప్ఫై ఇంచుల చెక్కను బండి మీద తెచ్చి, చెక్క గుర్రాలనే నాలుగుకాళ్ల ఆసరాల మీద గోడకు ఆనించి పెట్టాడు.

అనసూయమ్మ చెక్కను అరచేత్తో నిమిరింది. "ఉత్త చేతులతోని చూస్తె ఏం తెలుస్తది? కొండమ్మా, రేకులు పరిచి కుంపట్లు పెట్టు" అంది.

చెక్క కాలకుండా రేకులు పరిచి రెండు బొగ్గుల కుంపట్లు పెట్టారు. ఒకటి ముందు, ఒకటి గోడ వైపు. వెనక కుంపటి మీద పప్పు ఉడుకుతోంది. అనసూయమ్మ ముందు కుంపటి మీద పోపు వేసి, పప్పు గిన్నె దించడానికి చేతులు చాపింది. అందలేదు. ముందుకు వంగింది. చెక్క అంచు పొట్టకు ఒత్తుకుంది. ఇంకొంచెం వంగేసరికి బిగుసుకున్న కుడికాలు నేల వదిలి లేచింది. మునివేళ్ల మీద ఉన్న ఎడమకాలు జారింది. గిన్నె ఒరిగి పప్పంతా కుంపట్లో పడి బుస్సుమంది. పైట చెంగు ముందు కుంపటి మీదికి వాలింది.

రాజనర్సు రెండు అంగల దూరంలో ఉన్నాడు. చెయ్యి చాపాడు, కానీ ఆమెను తాకవచ్చో లేదో అని ఒక్క క్షణం ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ క్షణంలో కొండమ్మ వెనక నుంచి ఆమె నడుము పట్టి గుంజింది. చెంగు చివర నల్లగా కమిలి పొగ వచ్చింది, అంతే. ఇద్దరూ వెనక గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డారు.

 రాజనర్సు చెక్క వైపు చూశాడు. దుకాణం బల్ల ఎందుకు ముప్ఫై ఇంచులు ఉంటుందో పదహారేళ్లుగా తనే అందరికీ చెబుతున్నాడు. అవతలిది అందకుండా ఉండడానికి. అదే కొలత తెచ్చి, చెయ్యి అందాల్సిన చోట పెట్టాడు.

"తప్పు నాదమ్మా" అన్నాడు.

అనసూయమ్మ కాలిన చెంగు విదిలించుకుంది. "తప్పేంది? ఇయ్యాల తెలిసింది, మంచిగైంది. బండ కోసినంక తెలిస్తె ఏం చేస్తుంటిమి? నన్ను లేపు కొండమ్మా."

ఆ మధ్యాహ్నమే రాజనర్సు సన్నటి చెక్క తెచ్చాడు. పద్దెనిమిది ఇంచులు. భయపడ్డవాడు ఎప్పుడూ అవతలి అంచుకే పోతాడు. అన్నీ అందాయి గానీ, కుంపటి ముందు పిండి కలిపే పళ్లెం పెడితే సగం గాల్లోనే ఉంది. ఆమె మోచెయ్యి తగిలి పళ్లెం కిందపడింది. కొండమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. రాజనర్సుకు మాత్రం నవ్వు రాలేదు. పొద్దున లేస్తే మొగులయ్య ఉలి పెడతాడు. ఒకసారి కోసిన బండ మళ్లీ అతకదు.

"ఎంతనో చెప్పమ్మా. నాకు సమజైతలేదు" అన్నాడు.

"నాకు ఇంచులు తెల్వవు రాజనర్సూ. నా చేతులకేమన్న తెలుసో ఏమో, వాటినే అడుగుదం." ఆమె కొంచెం ఆలోచించి కొండమ్మ వైపు తిరిగింది. "ఆ పెద్ద చెక్క మీద బియ్యప్పిండి చల్లు. ముగ్గుకు చల్లినట్టు పల్సగ."

ముప్ఫై ఇంచుల చెక్క మీద ఈసారి కుంపట్లు లేవు. తెల్లటి పిండి ఒక పొరగా పరుచుకుంది. అనసూయమ్మ అంచు దగ్గర నిలబడింది. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనించి, కళ్లు మూసుకుంది. వంట మొదలుపెట్టింది.

ముందు రాజనర్సుకు అది ఆటలా అనిపించింది. ఖాళీ చెక్క మీద ఆమె చేతులు లేని బియ్యం చెరిగాయి, లేని చాకుతో లేని వంకాయలు కోశాయి, గిన్నె మూత తీసి పక్కన పెట్టి, గరిటె అందుకుని, కలిపి, మళ్లీ మూత పెట్టాయి. కుడి చెయ్యి చింతపండు పిసికేటప్పుడు ఎడమ చెయ్యి ఉప్పు కోసం పోయింది. వడ్డనకు అన్నం కుప్పగా వేసి, ఆవిరి పోవడానికి రెండు అరచేతులా విసిరినట్టు పరిచింది. నాలుగు నెలలుగా ఒళ్లో చచ్చినట్టు పడి ఉన్న చేతులేనా ఇవి అనిపించింది. ఎక్కడా తడబాటు లేదు. కొండమ్మ కూడా నోరు తెరుచుకుని చూస్తోంది. బయట స్టేషన్లో బండి కూత వేసి కదిలింది, ఆ మోత పోయేదాకా కూడా ఆ చేతులు ఆగలేదు.

పప్పు, కూర, చారు అయిపోయాయి కాబోలు, ఆమె కళ్లు తెరిచి వెనక్కి జరిగింది. "సూడు" అంది.

రాజనర్సు చెక్క మీదికి వంగాడు.

పిండిలో రెండు పెద్ద వంపులు ఉన్నాయి. ఒకటి కుడి భుజం నుంచి తిప్పిన చెయ్యి గీసింది, ఒకటి ఎడమది. రెండూ మధ్యలో కలిసి, మళ్లీ విడిపోయి, అంచుల వైపు మెల్లగా వాలాయి. ఆ వంపుల లోపల చెక్క అద్దంలా తుడిచిపెట్టుకుపోయింది. బయట పిండి చల్లింది చల్లినట్టే ఉంది, వేలి ముద్ర లేదు. ఆమె ఎన్నిసార్లు చెయ్యి చాపిందో, అన్నిసార్లూ ఆ గీత దగ్గరే ఆగింది. పెద్ద కంపాసు పెట్టి రథం చక్రం గీసేటప్పుడు కూడా రాజనర్సు గీత అక్కడక్కడా మందమయ్యేది. ఇక్కడ, ఏ పరికరం లేకుండా, చూపు లేకుండా, ఒక మనిషి ఒళ్లు గీసిన గీత వెంట్రుక మందాన నిలిచి ఉంది.

 పద్దెనిమిదేళ్ల వంట, వేల పూటలు, ఎన్ని వందల మంది ఆకలో ఆ వంపు లోపల ఉంది. అంతకాలం అది గాల్లోనే గీసుకుంటూ ఉంది, ఎవరూ చూడలేదు. కొలకట్ట పెట్టడానికి కూడా ఆయనకు కాసేపు చెయ్యి రాలేదు. నాన్న మొదటిసారి ఉలి చేతికిచ్చినప్పుడు చేసినట్టు, కొలకట్టను కళ్లకద్దుకుని అప్పుడు పెట్టాడు.

ముందంచు నుంచి వంపు కొస దాకా ఇరవై ఒక్క ఇంచులు.

"ఇగ ఉప్పు, పసుపు, ఇంగువ డబ్బాలు గోడకు పెట్టుకుంటరు గద. అవి పట్టేటట్టు ఒకపారి చెయ్యి సాపున్రి, వంగకుండ" అన్నాడు. ఆమె చాపింది. వేలి కొసలు ఇరవై నాలుగు దగ్గర ఆనాయి. మడమలు నేలనే ఉన్నాయి.

"రెండు ఫీట్లు" అన్నాడు. 

ఆ గీత చూశాక ఆయనకు తక్కినవన్నీ వరసగా కనబడటం మొదలుపెట్టాయి. ఆమె నిలబడ్డ చోట పాదాల వైపు చూశాడు. అల్మారీ నిలువుగా నేల దాకా దిగితే కాలివేళ్లు చెక్కకు కొట్టుకుని మనిషి వెనక్కి జరగాల్సి వస్తుంది, జరిగితే ఆ ఇరవై నాలుగు అందదు. అందుకని అల్మారీ అడుగు మూడు ఇంచులు లోపలికి తోసి, వేళ్లకు చోటు పెట్టాలి. గట్టు మీద నీళ్లు ఒలికితే తలుపుల మీదికి కారకూడదు, కాబట్టి బండ ఒక ఇంచు బయటికి రావాలి. తలుపు మందం ఒక ఇంచు. గోడ వెంట గండిపేట చెరువు నీళ్ల గొట్టం వస్తోంది, దానికి రెండు ఇంచులు. మీద బండ ఇరవై నాలుగు అయితే కింద అల్మారీ పెట్టె ఇరవై మాత్రమే ఉండాలి. ప్రహ్లాద్ నక్షాలో రెండూ ఒకే కొలతగా ఉన్నాయి. సాయంత్రం దఫ్తరు నుంచి వచ్చి, రాజనర్సు బొగ్గుతో నేల మీద వేసి చూపించిన లెక్క చూసి, ప్రహ్లాద్ తన కాయితం చింపేశాడు. తర్వాత చెక్క దగ్గరికి వెళ్లి, పిండిలోని వంపులను చాలాసేపు చూశాడు.

"గీత గీసుడే నా నౌకరి. గిట్ల నేను గియ్యలేను" అన్నాడు మెల్లగా.

పొద్దున్నే రాజనర్సు గూడ్సు యార్డుకు పోయాడు. కానీ బండ కోయనివ్వలేదు. "జర ఆగు మొగులన్నా. గోడకు దారం పెట్టి సూసిన. నడుమల ఇంచు ముందుకు ఉబ్బింది. తిన్నగ కోస్తె రెండు దిక్కుల సందు పడుతది, నీళ్లు దిగుతయ్."

"గోడ వంకర్ల గూడ నా బండనే సదురాల్నా?"

"సదురాలె. ముందంచు సూటిగ ఉండాలె, ఎన్క అంచు గోడ ఎట్లుంటె అట్ల ఉండాలె. ఆమె నిలవడే కాడ రెండు ఫీట్లు తగ్గొద్దు, పెరగొద్దు."

సన్నటి చెక్కను గోడకు ఆనించి, గోడ ఉబ్బు ప్రకారం దాన్ని చెక్కి తెచ్చాడు రాజనర్సు. ఆ అచ్చు బండ మీద పెట్టి మొగులయ్య బొగ్గు గీత గీశాడు. గోడ ముందుకు వచ్చిన చోట రాయి పోవాలి, కాబట్టి సూటిగా ఉండే ముందంచు ఆ ఉబ్బు నుంచి ఎంత దూరంలో ఉండాలో చూసుకున్నారు. మధ్యలో, ఆమె నిలబడే చోట సరిగ్గా ఇరవై నాలుగు నిలిచేలా, రెండు కొసల్లో ఆ ఇంచు ఎక్కువ ఉండేలా కుదుర్చుకున్నారు. కొసల్లో బిందెలు తప్ప ఏమీ పెట్టరు. మొగులయ్య రెండు రోజులు ఉలి దెబ్బ మీద దెబ్బ వేశాడు, ఒక్క పెచ్చు ఎక్కువ లేవకుండా. ఆరుగురు మోసుకొచ్చి ఇటుక దిమ్మెల మీద దించి తోసినప్పుడు, బండ గోడను గుర్తుపట్టినట్టు వెళ్లి అతుక్కుంది. మొగులయ్య ఒక చీపురు పుల్ల తీసి సందులో దూర్చి చూశాడు. దూరలేదు. ఆయనే ఆశ్చర్యపోయి ఇంకో చోట చూశాడు. అక్కడా దూరలేదు.

అల్మారీలు బిగించి, తలుపులకు తైలం పూసేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా అనసూయమ్మ కత్తిపీట మాని చాకుతో కోయడం నేర్చుకుంది. రోలు, రుబ్బడం కొండమ్మకే వదిలేసింది.

వంట మొదలుపెట్టిన రోజు గురువారం. పాతవాళ్లకు ప్రహ్లాద్ కబురు చెప్పాడు. ఎంతమంది వస్తారో తెలియదు. అనసూయమ్మ ఎసరు మాత్రం ఇరవై ఆరు మందికి పెట్టింది. ఒక తలుపు రాసుకుంటోందని సరిచేయడానికి వచ్చిన రాజనర్సు, పని పావుగంటలో అయిపోయినా పోలేకపోయాడు. గడప పక్కన గొంతుకూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

మూడు కుంపట్లు మండుతున్నాయి. ఆమె కళ్లు ఎక్కువగా గిన్నెల మీద లేవు, కిటికీ బయట సందులో ఎవరు వస్తున్నారో చూస్తోంది. చేతులు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి. ఎడమ చెయ్యి గోడ దగ్గర ఇంగువ డబ్బాను తడుముకోకుండా పట్టింది. పళ్లెం గట్టు మీద నిండుగా కూర్చుంది. కాలివేళ్లు అల్మారీ కింది చోటులోకి పోయి, బిగుసుకున్న కాలు కూడా తిన్నగా, బరువు మోస్తూ నిలబడింది. నూనెలో ఆవాలు చిటపటలాడి, కరివేపాకు వాసన సందులోకి పోయింది. ఆ సందులో నడిచిపోతున్న ఒక బడిపంతులు ఆగి, వాసన పీల్చి, లోపలికి వచ్చేశాడు. ఆయన ఆషాఢంలో చుట్టాలింటికని చెప్పి వెళ్లినాయన.

రాజనర్సు గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. తను చేసిన అల్మారీల తలుపులు ఎంత సూటిగా ఉన్నాయో చూడాలని ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

పదిన్నరకు విస్తళ్లు పరిచారు. కచేరీలకు పోవాల్సిన వాళ్లు గబగబా వచ్చారు. కొండమ్మ లెక్కపెట్టి, "అమ్మా, ఇరవై ఒక్కలు!" అని లోపలికి అరిచింది.  వడ్డన అయ్యేదాకా అనసూయమ్మ గట్టు దగ్గర నుంచి కదలలేదు. అందరూ లేచాక, చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరికి వచ్చి, అలవాటుగా ఎత్తుపీట కోసం చూసి, ఎండ వాకిట్లో ఎక్కడిదాకా వచ్చిందో చూసి ఆగిపోయింది.

"పొద్దు గింత ఎక్కిందా? తెల్లారక ముందు నిలవడ్డ గద నేను." ఆమె తన మోకాలి వైపు చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు. "దీని సంగతే యాదికి లేదు నాయనా."

 రాజనర్సు రెండు చేతులూ జోడించాడు.

"నాకెందుకు మొక్కుతవ్? లే, కాళ్లు కడుక్కో" అంది ఆమె. "కొండమ్మా, రాజనర్సుకు విస్తరి ఎయ్యి. బయట గాదు, ఈడ లోపట, పంక్తి ఉన్న కాడనే. ఇరవై రెండోది."